ప్లేటింగ్‌కీ ఓవెన్‌కీ మధ్య నాలుగు గంటలు

మొన్న పొద్దున జహీరాబాద్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని, బీదర్ వైపు నుంచి వచ్చే శిక్షణ విమానాల మోత వింటూ చాయ్ తాగుతుంటే, మా పాత కంపెనీలో రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా పెద్దసారు పోయారన్న కబురు వచ్చింది. పెద్దసారంటే నేను ఉద్యోగంలో చేరిన నాటికి ప్రొడక్షన్ మేనేజరు, తరువాత అదే విభాగానికి డైరెక్టరు. హైదరాబాదు శివార్లలో యుద్ధ విమానాలకు విడిభాగాలు తయారుచేసే మా కంపెనీలో దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన మాటే చెల్లింది. కబురు వెనకాలే దండాల బొమ్మలు వరస కట్టాయి. నాకంటే పదేళ్ళు చిన్నవాడొకడు, మన కంపెనీకి నాలుగు గంటల పద్ధతి నేర్పిన మహానుభావుడు అని రాశాడు. దాని కింద చాలామంది చేతులు జోడించారు.

చనిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని తెలుసు. అయినా వచ్చింది, నలభై ఏళ్ళ కిందట వచ్చినట్టే, అరికాళ్ళ నుంచి వేడిగా పైకి పాకింది. ఆ నాలుగు గంటల పద్ధతి ఆయనది కాదు, నాది. ఆ మాట గ్రూపులో రాద్దామని రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని రెండుసార్లూ పక్కన పెట్టాను. ఎందుకంటే ఆయన చేసినది చెప్పడం మొదలుపెడితే నేను చేసినదాని దగ్గర ఆగక తప్పదు. ఆ గ్రూపులో ఉన్న నా తోటివాళ్ళు, నా ఈడువాళ్ళు, రెండూ ఒకేసారి వినడం మంచిదని ఇలా కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది రాయికోడ్ దగ్గర ఒక చిన్న ఊరు. మా నాన్నకు చెరకూ ఆలుగడ్డా పండే కొద్దిపాటి నేల ఉండేది. బీదర్ విమానాలు మా చేల మీద నుంచి అంత కిందుగా పోయేవి కాబట్టి, గేదెలు బెదిరి పాలు చేపడం లేదని మా నానమ్మ, ఆమె పుట్టిల్లు బీదర్ అవతల కావడంవల్ల, చెయ్యి పైకెత్తి వాటిని కన్నడంలో తిట్టేది. నేను మాత్రం చెరకు చేను గనిమ గట్టు మీద నిలబడి చక్రాలను చూసేవాణ్ణి. అంత బరువు అంత వేగంతో నేల మీద వాలితే ఆ సన్నటి కాళ్ళు ఎలా విరగకుండా ఉంటాయన్నది నాకు పెద్ద సందేహం. మా ఊళ్ళో దానికి జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆ సందేహమే నన్ను ఇంజనీరింగుకు తీసుకుపోయిందని తరువాత సన్మాన సభల్లో చెప్పుకున్నాను. అది నిజమే. కానీ నన్ను ట్రైనీ ఇంజనీరు నుంచి ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు దాకా తీసుకుపోయినది మాత్రం ఆ సందేహం కాదు, పగ.

కంపెనీలో చేరిన కొత్తలో నన్ను ప్లేటింగ్ షాపులో వేశారు. ఆమ్లం వాసనకు కళ్ళు మండే చోటు కాబట్టి కొత్తవాళ్ళనే అక్కడికి పంపేవారు. విమానం కాళ్ళలో బిగించే ఉక్కు పిన్నులకు తుప్పు పట్టకుండా అక్కడ కాడ్మియం పూత వేస్తారు. చూడటానికి బంగారంలా మెరిసే ఆ పిన్నులు కొన్ని, పరీక్షలన్నీ దాటి, బిగించిన వారం పది రోజులకు ఏ కారణమూ లేకుండా పటుక్కున విరిగేవి. ఎందుకో ఎవరికీ తెలియదు. నేను ఎనిమిది నెలలు దాని వెంటపడ్డాను. పూత తొట్టిలో ఉన్నప్పుడు హైడ్రోజన్ ఉక్కు లోపలికి చొరబడుతుంది. పిన్నును వెంటనే ఓవెన్‌లో కాలిస్తే అది బయటికి పోతుంది, ఆలస్యమైతే లోపలే ఉండిపోయి కంటికి కనిపించని పగుళ్ళు పుట్టిస్తుంది. మా షాపులో పిన్నులను తొట్టిలోంచి తీసి, ఓవెన్ ఖాళీ అయినప్పుడు చూద్దాంలే అని పొద్దుటి దాకా వేలాడదీసేవారు. ఇది నేను కనిపెట్టిన శాస్త్రమేమీ కాదు, తెలిసినవాళ్ళకు తెలిసిన సంగతే. కానీ మా షాపులో పట్టుకున్నది నేను, తొట్టికీ ఓవెన్‌కీ మధ్య నాలుగు గంటలు దాటకూడదని పన్నెండు పేజీలు రాసి ఇచ్చినది నేను.

పిన్నులు కొనే వైమానిక అధికారులు వచ్చిన రోజున ఆ పన్నెండు పేజీలు పెద్దసారు తన పేరుతో చదివారు. నన్ను లోపలికి పిలిచింది విరిగిన పిన్నుల పళ్ళెం పట్టుకుని నిలబడటానికి. ఒక అధికారి నా వైపు చూసి ఈ అబ్బాయి ఎవరని అడిగితే ఆయన నవ్వి, "మా జహీరాబాద్ కుర్రాడండీ. వాళ్ళ ఊళ్ళో విమానమంటే ఆలుగడ్డ చేను మీద నుంచి పోయేది. కింద నుంచి చెయ్యూపి, ఇటొచ్చేశాడు. బరువులు మాత్రం బాగా మోస్తాడు" అన్నారు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు నేను ఆయన్ను చదివాను, పరీక్షకు పుస్తకం చదివినట్టు. మా వృత్తిలో పైకెక్కడమంటే మంచి ఇంజనీరు కావడం ఒక్కటే కాదని, సమీక్షలో ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరు ప్రశ్న అడిగే దాకా ఆగాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టకుండా జారుకోవాలి అన్నవి కూడా పని లాగే నేర్చుకోవలసినవని ఆయన్ను చూసే తెలుసుకున్నాను. మాటలో గిట్ల, గట్ల పోగొట్టుకున్నాను. జొన్నరొట్టె డబ్బా తెచ్చుకోవడం మానేసి క్యాంటీన్‌లో పెద్దవాళ్ళ బల్ల దగ్గర ఫోర్కుతో తినడం అలవాటు చేసుకున్నాను. ఆయన కింద ప్రొడక్షన్‌లో ఉంటే ఎప్పటికీ ఆయన నీడలోనే ఉంటానని క్వాలిటీ విభాగానికి మారాను, ఎందుకంటే మా రంగంలో ఆ విభాగం మాత్రమే ప్రొడక్షన్ డైరెక్టరుకు కూడా ఆగమని చెప్పగలదు. నలభై రెండో ఏట దానికి అధిపతినయ్యాను. ఆయన బలహీనత అప్పటికే కనిపెట్టి ఉంచుకున్నాను. డిస్పాచ్ రోజున ఏ కాగితమూ చదవరు, నిలబడే సంతకం పెడతారు.

ఈ మధ్యలోనే కోహీర్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకును తీసుకొచ్చి ప్లేటింగ్ షాపులో పెట్టించాను. ఐటీఐ చదివినవాడు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. పని నేర్పింది నేనే. ఆరేళ్ళలో ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. మా పనిలో ఇన్‌స్పెక్టర్‌కు సొంత ఇత్తడి స్టాంపు ఇస్తారు, దాని మీద అతని అంకె ఉంటుంది, వాడిది పదిహేడు. ఆ ముద్ర పడిన చీటీ ఉంటే పైలట్ దాకా ఎవరూ మళ్ళీ అడగరు. అందుకే ఆ స్టాంపును ఇంకొకరి చేతికి ఇవ్వడం కూడా నేరమే. మా తమ్ముడు దాన్ని నల్లదారంతో మెడలో వేసుకుని తిరిగేవాడు. వాళ్ళ ఊళ్ళో తాయెత్తా అని అడిగితే, అంతకన్నా ఎక్కువ అనేవాడట.

ఒక రోజు మధ్యాహ్నం వాడు రెండంతస్తులు ఎక్కి నా గదికి వచ్చాడు. ముందు రోజు కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, ఓవెన్ ఆగిపోయింది. తొట్టిలోంచి తీసిన పిన్నులు ఓవెన్‌లోకి పోయేసరికి ఆరు గంటలైంది.

"అన్నా, జర గీ లాట్ ఆపు. టైం తప్పింది. పెద్దసారేమో ఇయ్యాల్నే పంపాలంటుండు" అన్నాడు.

ఆయనకు టైం సంగతి చెప్పావా అని అడిగాను.

"జెప్పిన. గా రూలు వెట్టింది నేనే, తీసేసేది నేనే, నీకెందుకు ఫికర్ అని నవ్విండు. పంపే కాయితం మీద సంతకం గూడ వెట్టిండు. సదవనే లేదు."

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. నేను చేయవలసిన పని ఒక్కటే, బల్ల మీద ఉన్న, సరుకును ఆపే ఎర్ర చీటీ తీసుకుని కిందికి పోయి ఆ పిన్నుల పెట్టెకు కట్టడం. ఐదు నిమిషాల పని, నా జీతమే ఆ పనికి. కానీ నా చెవిలో పడినది 'రూలు వెట్టింది నేనే' అన్న మాటొక్కటే. పది రోజుల్లో అధికారుల సమీక్ష ఉంది. పిన్నులు అసెంబ్లీకి వెళ్ళినా నెల దాకా బిగించరు. ఆయన సంతకం ఉన్న కాగితమూ, ఆరు గంటలు చూపించే ఓవెన్ చార్టూ, నన్ను చూసి నవ్విన అదే గదిలో అధికారుల ముందు పరుస్తాను, పిన్నులు వెనక్కి తెప్పిస్తాను. ఎవరికీ ఏమీ కాదు, ఆయనకు తప్ప. ఇదంతా గుటక వేసినంత సేపట్లో ఆలోచించాను. పద్దెనిమిదేళ్ళుగా అభ్యాసం చేసినవాడికి ఎంతసేపు పడుతుంది.

"స్టాంప్ వెయ్యి తమ్మీ, నేను జూసుకుంట" అన్నాను. చాలా ఏళ్ళ తరువాత మా ఊరి మాట నా నోట్లోకి వచ్చింది, వాణ్ణి నమ్మించడానికి.

వాడు కదలలేదు. "స్టాంపా? టైం తప్పిందంటున్న గదన్నా."

"వెయ్యమన్న గద. పది రోజుల్ల వాపస్ తెప్పిస్త."

"నువ్వు జెప్తున్నవంటే ఏస్త. నీ దగ్గర నేర్చుకున్నదే గీ పనంత" అని దిగిపోయాడు.

అసెంబ్లీవాళ్ళు అనుకున్నదానికంటే ముందుగానే పిన్నులు వాడకానికి తీశారు. బరువు పరీక్ష కోసం రెండు పిన్నులు బిగిస్తున్నారని నాకు ఎనిమిదో రోజు తెలిసింది. ఫోను నా మోచేతి పక్కనే ఉంది. ఇంకో రెండు రోజులు ఆగితే చాలనుకున్నాను. తొమ్మిదో రోజు పరీక్షలో ఒక పిన్ను విరిగి, దాని ముక్క ఇనుప జాలీని చీల్చుకుని ఎదుటి గోడలో దిగబడింది. ఎప్పుడూ ఆ గోడ దగ్గర నిలబడే ఇద్దరు మెకానిక్కులు అప్పుడే చాయ్‌కి పోయి ఉన్నారు. వాళ్ళు బతకడం నా లెక్కవల్ల కాదు, వాళ్ళ చాయ్ అలవాటువల్ల.

సమీక్ష కాస్తా విచారణ అయింది. నేను చార్టు పరిచాను, సంతకం చూపించాను, నాలుగు గంటల పద్ధతి ఎవరు ఎందుకు పెట్టారో పెద్దసారునే చెప్పమని వినయంగా అడిగాను. ఆయన నోరు పెగల్లేదు. ఆ పన్నెండు పేజీల్లో ఉన్నది ఆయనకు ఏనాడూ అర్థం కాలేదని ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. ఆ ముఖంలో రంగు దిగిపోవడం నేను ఒక్కొక్క గుక్కగా తాగాను. దాచుకోను, ఇప్పుడు తలుచుకున్నా నాలుకకు తియ్యగానే ఉంది. వారం తిరక్కుండా ఆయన్ను పంపేశారు. తన సామాను అట్టపెట్టె తనే మోసుకుంటూ లిఫ్టు దగ్గరికి వస్తే తలుపు పట్టుకుని, "బరువుందా సార్" అని అడిగాను. ఆయన నా వైపు చూశారు. గుర్తొచ్చిందో లేదో తెలియదు. నాకది చాలదనిపించింది, ఇంకా ఏదో అనవలసిందనిపించింది.

కానీ ఆయన్ను పంపేయకముందు, విచారణ గదిలోనే ఇంకొకటి జరిగింది. పెద్దసారు గొంతు తిరిగి తెచ్చుకుని, ఇన్‌స్పెక్టర్ ముద్ర ఉంది కాబట్టే పంపానన్నారు. చీటీ మీద పదిహేడు. మా తమ్ముణ్ణి పిలిపించారు. టైం తప్పిందని తెలిసే వేశావా అని అధికారి అడిగాడు. తెలిసే వేశానన్నాడు. ఎవరు వెయ్యమన్నారని అడిగాడు. వాడు నా వైపు చూశాడు. నేను కాగితాలు సర్దుకుంటున్నాను, ఒకసారి సర్దినవే మళ్ళీ. నేను తల ఎత్తితే వాడికి ఉద్యోగం మిగిలేది, నాకు పోయేది, పెద్దసారు బహుశా బయటపడేవారు. ఆ చివరిది నేను భరించలేకపోయాను.

"ఎవరు జెప్తే ఏంది సార్" అన్నాడు వాడు, "స్టాంపు నాది."

రద్దయిన స్టాంపును దాని యజమాని ఎదుటే అరగదీయాలన్నది మా దగ్గర ఆచారం. ఆ పని క్వాలిటీ అధిపతి చేతులతోనే జరగాలి. నా బల్ల మీదే ఆకురాయి పెట్టుకుని రుద్దాను. పసుపు పొడి కాగితం మీద రాలుతుంటే వాడు వంగి, రోజూ పిన్నులను చూసే చూపుతోనే చూసి, "ఏడు ఇంక కనవడుతున్నదన్నా. జర రుద్దు" అన్నాడు. రుద్దాను.

మూడు నెలలకు నేను వైస్ ప్రెసిడెంట్‌నయ్యాను. స్టాంపు రద్దయినవాణ్ణి మా రంగంలో ఎవరూ తీసుకోరు. ఏ కంపెనీ అయినా చేర్చుకునే ముందు పాత కంపెనీని అడుగుతుంది, ఆ జవాబు రాసే కుర్చీలో నేనే ఉన్నాను. రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఉన్నదే రాశాను. అంటే ఉన్నదాంట్లో సగం. వాడు కోహీర్ వెళ్ళి జామతోట చూసుకున్నాడు. విమానం కూలగొట్టబోయినోడని ఊళ్ళో వాడికి పేరు పడింది. మా చిన్నమ్మ చావుకు నేను వెళితే వాడు నీళ్ళిచ్చాడు, మంచం వేశాడు, మాట మాత్రం కలపలేదు.

పెద్దసారు పోయిన మర్నాడు కోహీర్ వెళ్ళాను. పగపట్టిన మనిషి లేకుండా పోతే పగ ఎక్కడికి పోవాలో దానికి తెలియదు, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంది. రాత్రంతా అలా తిరిగాక నాకు అర్థమైనది, ఇన్నాళ్ళూ ఆయనను అడ్డం పెట్టుకుని మా తమ్ముడికి కనిపించకుండా నిలబడ్డానని. వాడు తోటలో చెట్ల కింద కూర్చుని, పిట్ట కొట్టిన జామకాయలు ఒక గంపలోకి, మంచివి ఒక గంపలోకి వేరుచేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది.

"పెద్దసారు పోయిండంట గద" అన్నాడు తలెత్తకుండా. "ఖుషీయేనా?"

లేదన్నాను.

"అబద్ధమాడకు. జరంతన్న ఐతది."

నేను చేసినది తప్పని, స్టాంపు వెయ్యమన్నది నేనేనని, ఆ రోజు నోరు విప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పని చెప్పి క్షమించమన్నాను. వాడు చేతిలోని కాయను తిప్పి తిప్పి చూసి గంపలో వేశాడు.

"మాఫీ అడగనీకి ఇరవై మూడేండ్లు వట్టిందా? జహీరాబాద్ నుంచి కోహీరు గంత దూరమా అన్నా?" అన్నాడు. తరువాత మెల్లగా, కోపం లేకుండానే అన్నాడు, "నేను మాఫ్ చెయ్య. ఆయన నిన్నొక మాటంటే పద్దెనిమిదేండ్లు పట్టుకుంటివి. నిన్ను నేను పట్టుకోవద్దా?"

ఏం చేయమంటావని అడిగాను.

"నాకెందుకు జెప్తున్నవ్, నాకు దెల్వనిదా? గా రూముల కూసున్నోళ్ళకు జెప్పు. నా పేరొద్దు. ఏసింది నేను, ఏయమన్నది నువ్వు. గంతే జెప్పు, సాలు. దాంతోని మనకు సుల్హ ఐంది, రాజీ వడ్డమనుకోకు మల్ల."

ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో తొమ్మిది మంది ఇంకా గ్రూపులో ఉన్నారు. ఈ రాత వాళ్ళకోసం. పదిహేడో నంబరు ఇన్‌స్పెక్టర్ టైం తప్పిన సంగతి దాచలేదు. అందరికంటే ముందు వచ్చి ఆపమని అడిగాడు. ఆపవలసిన నేను స్టాంపు వెయ్యమన్నాను. కంపెనీకి కూడా ఇదే మాట నా సంతకంతో పంపాను. దీనివల్ల నాకు తేలికవుతుందని మొదట ఆశపడ్డాను. రాస్తున్నకొద్దీ తేలిక కావడం లేదు. వాడు కోరుకున్నది కూడా అదేనేమో, అందులో తప్పు పట్టను.

ఆ షాపు ఇప్పుడు చాలా మారిందట. పిన్నుల పెట్టెను తొట్టిలోంచి తీయగానే కంప్యూటరు గడియారం మొదలవుతుందట, నాలుగు గంటలు దాటితే ఓవెన్ తలుపు తనంతట తానే బిగుసుకుపోతుందట, డైరెక్టరు వచ్చి నిలబడినా తెరుచుకోదట. చీటీలు లేవు, ముద్రలు లేవు. మెకానిక్కులు గోడ దగ్గర నిలబడనక్కరలేదు. మంచిదే, చాలా మంచిది, మాలాంటివాళ్ళు మిగిల్చిన భయంలోంచే ఆ తలుపు పుట్టి ఉంటుంది. అయినా ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది, ఇప్పుడు అక్కడ కాదనడానికి ఎవరికీ ధైర్యం అక్కరలేదు, ఎవరినీ నమ్మి ఎవరూ మెట్లెక్కి రానక్కరలేదు. మా రోజుల్లో ఆ కాదు అన్న మాటను ఒక మనిషి మోసుకుని ఇంకో మనిషి దగ్గరికి వచ్చేవాడు. మా తరంలో నా దగ్గరికి అలా వచ్చినవాడు ఒక్కడే.